బడి పలక – డప్పు పలక

పలక యను మాటకు మన తెలుగులో రెండు అర్థములు కలవు. బాలుడు అక్షరములు దిద్దుకొను పలక మొదటిది. భుజమునకు తగిలించుకొని వాయించు పలక రెండవది. ఈ రెండవదానినే డప్పు అనియు, తప్పెట అనియు అందుము. మొదటి పలకను పట్టిన చేతికి ఊరిలో గౌరవము దక్కినది. రెండవ పలకను పట్టిన చేతికి మాత్రము తరతరములుగా ఆ గౌరవము దక్కలేదు. ఊరిలోని ప్రతి శుభమునకును, ప్రతి అశుభమునకును ముందు నడచిన చేయి అదియే. అయినను పంక్తిలో చివర నిలిచినదియు అదియే.

ఈ రెండు పలకలను ఒకే బడి ఆవరణలో, ఒకే బిడ్డ చేతిలో చూడవచ్చునా? బడి విడిచిన తరువాత వారమునకు రెండు సాయంకాలములు పిల్లలకు డప్పు నేర్పవలెనని పలు గ్రామములలో ఉపాధ్యాయులు, యువజనులు ఆలోచించుచున్నారు. ఆలోచన మంచిది. కాని దానిని ఏ విధముగా నడిపినచో విద్య యగునో, ఏ విధముగా నడిపినచో పాత సంకెల యగునో తెలిసికొనుట అవసరము. ఈ నెల పాఠమునకు అదియే విషయము.

మన ప్రాంతపు చర్మవాద్యములు

పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన పలు చిన్న జిల్లాలుగా విడిపోయినవి. కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల ఒక ప్రక్క. ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు మరొక ప్రక్క. నడుమ గోదావరి. వాద్యముల మ్రోతకు మాత్రము ఈ సరిహద్దులు లేవు.

గోదావరికి దక్షిణమున ఊరూర వినవచ్చునది డప్పు. పెండ్లి ఊరేగింపునకు, బోనములకు, పీర్ల పండుగకు, అంతిమయాత్రకు కూడ డప్పే. దాని వెంబడి చెప్పదగినది ఒగ్గు కథకుల డోలు. ఒగ్గు అనగా శివుని చేతి డమరుకము. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను కురుమ, గొల్ల కుటుంబముల వారు డోళ్ళతోను తాళములతోను రాత్రులు తరబడి చెప్పుదురు. వేములవాడ సమీపమందలి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఈ కథాకళకు రాష్ట్రమంతటను పేరు తెచ్చిన కళాకారుడు.

గోదావరి దాటి ఉత్తరమునకు పోయినచో గోండుల వాద్యములు వేరు. దీపావళికి ముందు దినములలో సాగు దండారి నృత్యములలో డోలు, పర్ర, వెట్టె, గుమేల, తుడుము మున్నగునవి మ్రోగును. పెప్రె, కాలికోము అను ఊదు వాద్యములు వానికి తోడగును. పుష్య అమావాస్యనాడు ఇంద్రవెల్లి మండలమందలి కేస్లాపూరులో మెస్రం వంశీయులు జరుపు నాగోబా జాతరలో ఈ వాద్యములను వినవచ్చును.

ఇట్టి సంపద మన చేరువనే యుండగా, మన పిల్లలలో అనేకులకు పెండ్లి ఊరేగింపు అనగా మోటారు బండిపై నిలిపిన డీజే పెట్టెలే తెలియును. నేర్చినవారు వృద్ధులగుచున్నారు. నేర్వవలసినవారు దూరమగుచున్నారు. ఈ దూరమునకు కారణము డీజే పెట్టె ఒక్కటియే కాదు. అసలు కారణము అంతకంటె పాతది.

డప్పు వెనుకనున్న చరిత్ర

వార్తాపత్రికలు, రేడియోలు లేని దినములలో గ్రామమునకు సమాచార శాఖ డప్పే. చెరువు తూము ఎప్పుడు తెరతురో, శిస్తు ఎప్పుడు కట్టవలెనో, ఏ వీథిలో మహమ్మారి సోకినదో, అన్నియు దండోరా ద్వారానే ఊరికి తెలిసెడివి. ప్రచార కార్యమందున్న మేము ఆ డప్పరిని మా పూర్వికునిగానే ఎంచుదుము. నేటికిని కొన్ని గ్రామములలో పంచాయతీ మాట డప్పు చాటింపుతోనే గడప గడపకును చేరుచున్నది.

కాని ఆ పూర్వికునికి జీతము లేదు. నైజాము సంస్థానమున వెట్టి చాకిరి రాజ్యమేలిన కాలమున డప్పు వాయించుట ఒక కులము నెత్తిన పెట్టిన పని. దొర వచ్చినను, అధికారి వచ్చినను డప్పుతో ముందు నడువవలెను. ఎవరి ఇంట చావు కలిగినను పిలుపు వచ్చినంతనే పోవలెను. రానని అనుటకు వీలు లేదు. కూలి ఎంత యని అడుగుటకును వీలు లేదు. వాయించినవానిని అరుగు ఎక్కనీయరు. వాయిద్యము వినుటకు మాత్రము ఊరంతయు కూడును.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసినది. 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. షెడ్యూల్డు కులముల, తెగల వారిచే వెట్టి చేయించుటను 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము శిక్షింపదగిన నేరముగా పేర్కొన్నది. కనుక నేడు ఎవరును ఎవరిని బలవంతముగా డప్పు వాయింపుమని ఆజ్ఞాపింపరాదు. చట్టము మారినది. మనస్సులలోని తలపు మారుటకు ఎక్కువ కాలము పట్టుచున్నది.

మరియొక మార్పును కూడ చెప్పవలెను. తెలంగాణ ఉద్యమ కాలమున ధూంధాం వేదికలపై డప్పు అందరి వాద్యమైనది. సభ మొదలగుటకు ముందు డప్పు మ్రోగవలసినదే. 2014లో రాష్ట్రము ఏర్పడిన తరువాత నెలకొల్పిన తెలంగాణ సాంస్కృతిక సారథిలో పాటతోను డప్పుతోను పనిచేయు కళాకారులకు ఉద్యోగములు లభించినవి. వేదికపై దొరకిన ఈ మర్యాద ఊరి వీథిలోనికి, బడి ఆవరణలోనికి దిగి రావలసియున్నది.

ఒక తండ్రి అడిగిన ప్రశ్న

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ప్రచార పర్యటనలో మానేరు తీరమందలి యొక గ్రామమునకు వెళ్ళితిమి. అచ్చటి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు సాయంకాలపు డప్పు తరగతిని ప్రారంభింపనెంచి మా సలహా అడిగిరి. నేర్పుటకు ఒక వృద్ధ కళాకారుడు ఒప్పుకొనియుండెను. పిల్లలను ఎట్లు ఎన్నుకొనవలెనని ప్రశ్న వచ్చినప్పుడు, "డప్పు వాయించు కుటుంబముల పిల్లలతో మొదలుపెట్టుడు, వారికి చేతిలోనే విద్య యున్నది, త్వరగా వచ్చును" అని మేము చెప్పితిమి. అది మంచి మాటయనియే మాకు తోచినది.

ఆ సాయంకాలము ఆ వృద్ధుని కుమారుడు బడికి వచ్చెను. ఆయన ఇండ్లు కట్టు మేస్త్రీ. చేతులకు సిమెంటు ఇంకను ఆరలేదు. కుర్చీ చూపినను కూర్చుండక నిలిచియే మాటలాడెను.

"సారూ, మా నాయిన మెడలకెల్లి ఈ డప్పు దింపెతందుకు నాకు ఇరువై ఏండ్లు వట్టింది. సావుకు రమ్మంటె పోవాలె, జాతరకు రమ్మంటె పోవాలె, పైసలు అడుగద్దు. ఇయ్యాల నా కొడుకు బడికి వస్తున్నడు. బడిల గూడ మా పోరగాండ్లకే డప్పా? మరి పటేలు మనుమనికి ఏమిస్తరు సారూ, పుస్తకమా?"

మా వద్ద సమాధానము లేకపోయెను. విద్య పేరిట మేము సూచించినది పాత ఏర్పాటే యని ఆయన మాటతో గాని మాకు తెలియలేదు. పుట్టుకను బట్టి పని నిర్ణయించుట వెట్టికి మొదటి మెట్టు. పుట్టుకను బట్టి పాఠము నిర్ణయించుట దానికి చాల దూరములో లేదు.

ప్రధానోపాధ్యాయులు వివేకవంతులు. వారు ఆ రాత్రియే ఏర్పాటును మార్చిరి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో ఇష్టపడిన పిల్లలందరి పేర్లు వ్రాసికొనిరి. పదునారు మంది తేలిరి. అందు ఏడుగురు బాలికలు. అన్ని వాడల వారును ఉండిరి. నేర్పు వృద్ధునికి ఉపాధ్యాయుల కుర్చీ వంటి కుర్చీ వేయించిరి. పిల్లలు ఆయనను "గురువుగారూ" అని పిలువవలెనని చెప్పిరి. రోజు కూలికి తగ్గని పారితోషికమును దాతల సాయముతో నెల మొదటనే చెల్లించిరి.

మేస్త్రీ మాత్రము మొదటి నెల తన కుమారుని పంపలేదు. ఆ బాలుడు ప్రహరీగోడపై కూర్చుండి, తాత నేర్పుచున్న దెబ్బను తన పుస్తకముల సంచిపై వ్రేళ్ళతో వాయించుచుండెనట. రెండవ నెలలో తండ్రి తిరిగి వచ్చి ఒక్క మాట అడిగెను: "ఎవల ఇంట్ల కార్యమైనా ఈ పిల్లగాండ్లను పంపుమని అడుగరు గద?" ప్రధానోపాధ్యాయులు నోటితో చెప్పి ఊరకుండక, బడి కమిటీ పుస్తకములో ఆ మాటను తీర్మానముగా వ్రాయించి చదివి వినిపించిరి. మరుసటి వారము బాలుడు గోడ దిగెను.

మూడు నియమములు

ఆ గ్రామమున నేర్చిన పాఠమును మూడు నియమములుగా చెప్పవచ్చును. డప్పు తరగతి పెట్టదలచిన ప్రతి గ్రామమును వీనిని ముందుగా తీర్మానించుకొనవలెను.

మొదటిది: తరగతి అందరిది. బాలబాలికలకు, అన్ని వాడల వారికి, ఇష్టమే అర్హత. ఏ యొక్క వాడ పిల్లలే చేరినచో తరగతిని ప్రారంభింపక ఆగి, మిగిలిన ఇండ్లకు పోయి మాటలాడవలెను.

రెండవది: నేర్పువాడు గురువు. సంగీతము మేష్టరు హార్మోనియముతో వచ్చినచో ఏ మర్యాద చేయుదుమో, డప్పుతో వచ్చినవారికిని అదే మర్యాద. పారితోషికము ముందే నిర్ణయింపవలెను. ఒక సాయంకాలము బడిలో గడిపినవాడు ఒక పూట కూలి పోగొట్టుకొనునని మరువరాదు.

మూడవది: పాఠము సేవ కాదు. నేర్చిన పిల్లలను ఎవరి ఊరేగింపునకును, సభకును, నాయకుల స్వాగతమునకును పంపరాదు. బడి వార్షికోత్సవము, జాతీయ దినములు, కళాపోటీలు చాలును. కేంద్ర విద్యాశాఖ 2015 నుండి జరుపుచున్న కళా ఉత్సవ్ పోటీలలో సంప్రదాయ వాద్యములకును చోటు కలదు.

చర్మము, వేడిమి, నాదము

డప్పు ఒక విజ్ఞానశాస్త్ర పాఠము కూడను. గుండ్రని కొయ్య చట్రము దానికి ఆధారము. నానబెట్టి, రోమములు గీకి శుభ్రపరచిన చర్మమును తడిగా నున్నప్పుడే దానిపై పరచి, చింతగింజల జిగురుతో అంటించి, తోలు వారులతో బిగింతురు. ఆరినకొలది చర్మము ముడుచుకొని బిగియును. ఇటీవల ఫైబరు డప్పులును వచ్చినవి. అవి వానకు తడియవు, కాచవలసిన పని లేదు. వాని ధ్వని మాత్రము వేరు.

వాయించుటకు రెండు పుల్లలు. కుడిచేతిలోని పొట్టి లావు పుల్లను చిర్ర యందురు. ఎడమచేతి వ్రేళ్ళ నడుమనుండు సన్నని పుల్లను చిటికెన పుల్ల యందురు. చిర్రతో నడుమ కొట్టిన గంభీర నాదము, అంచున కొట్టిన తీక్ష్ణ నాదము పుట్టును. చిటికెన పుల్ల ఆ రెండింటి నడుమ ఖాళీలను నింపును.

వాయించుటకు ముందు డప్పును మంట దగ్గర కాచుట మనమందరము చూచినదే. కారణమేమి? చర్మము గాలిలోని తేమను పీల్చి సడలును. సడలిన చర్మము నిదానముగా కంపించును, నాదము దిగిపోవును. వేడికి తేమ పోయి చర్మము బిగియగానే కంపనములు త్వరపడి నాదము పైకి లేచును. ఆషాఢమున ఒకసారి, వైశాఖమున ఒకసారి అదే డప్పును కాచకుండ వాయించి చూపినచో ఈ సూత్రము పిల్లలకు పుస్తకము లేకుండనే బోధపడును.

చర్మవాద్యములను శాస్త్రదృష్టితో పరిశీలించిన మహనీయులలో సర్ సి.వి. రామన్ ఒకరు. మృదంగము, తబలా మూతలపై నడుమ నుండు నల్లని పూత వలన వాని ఉపస్వరములు ఒక క్రమమున అమరునని ఆయన 1920లో శివకాళి కుమార్‌తో కలిసి వెల్లడించిరి. 1934లో మరింత విపులముగా వ్రాసిరి. డప్పుకు అట్టి పూత లేదు. అట్టి పూత లేని గుండ్రని పొరలో మొదటి ఉపస్వరము మూలస్వరమునకు రెండు రెట్లు కాక సుమారు 1.59 రెట్లుండును. అందుచే డప్పు రాగమును పలుకదు, లయను పలుకును. ఇది లోపము కాదు. మైదానమున వందలమందికి వినబడు స్పష్టమైన దెబ్బ కావలసినచోట డప్పు చేయు పనిని మృదంగము చేయలేదు.

నేర్పు విధము

పండ్రెండు వారములకు ఒక చిన్న పాఠక్రమమును ఇచ్చట సూచించుచున్నాము. వారమునకు రెండు దినములు, దినమునకు నలువది నిమిషములు చాలును.

మొదటి రెండు వారములు డప్పు పట్టనవసరము లేదు. చప్పట్లు, అడుగులు, నోటిమాట చాలును. బతుకమ్మ చుట్టు తిరుగు ఆడపిల్లలకు చప్పటి లయ అదివరకే తెలియును; వారినే ముందు నిలిపినచో తక్కినవారు అనుసరింతురు. తకిట అనగా మూడు, తకధిమి అనగా నాలుగు, తకతకిట అనగా ఐదు, తకిట తకధిమి అనగా ఏడు. ఈ నాలుగింటిని నోట పలుకుచు అడుగు వేయవలెను.

మూడవ, నాలుగవ వారములలో ఊరి పేర్లతో ఆట. తెలుగు పాఠమున చదువు లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఆ లెక్కన కడెము మూడు మాత్రలు, నిర్మల్ నాలుగు, మానేరు ఐదు, ఎల్లంపల్లి ఏడు. ఒక బాలుడు పేరు చెప్పగా మరొకడు గురువునకు గట్టి చప్పట, లఘువునకు మెత్తని చప్పట వేయవలెను. రగడలు చదువునప్పుడు ఇది మరల పనికివచ్చును. హయప్రచార రగడ మూడు మాత్రల నడక, మధురగతి నాలుగింటి నడక, ద్విరదగతి ఐదింటి నడక, వృషభగతి మూడును నాలుగును కలసిన ఏడింటి నడక. ఛందస్సు అనగానే తలవంచు పిల్లవాడు డప్పుతో దానిని జంకు లేక నేర్చుకొనును.

ఐదవ వారము మొదలు పుల్లలు పట్టవలెను. మొదట గోనెసంచిని మడిచి దానిపై కొట్టించుట మేలు. మణికట్టు సడలియుండవలెను, భుజముతో కొట్టరాదు. చిర్ర దెబ్బ వచ్చిన తరువాతనే చిటికెన పుల్ల. ఇద్దరు పిల్లలకు ఒక డప్పు చాలును. ఒకరు వాయించునప్పుడు మరొకరు లెక్క పలుకవలెను. పిల్లల భుజమునకు తగిన చిన్న డప్పులను చేయించుట మంచిది.

ఎనిమిదవ వారము నుండి గురువు తనకు తెలిసిన దరువులను ఒక్కొక్కటిగా నేర్పును. ఒకే దరువునకు ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క పేరుండును. తమ ఊరి పేరునే పిల్లలు వ్రాసికొనవలెను. ఆ దరువు ఏ సందర్భమునది, తాను ఎవరి వద్ద నేర్చితినని గురువు చెప్పు మాటలను కూడ వ్రాయింపవలెను. ఆ నోటు పుస్తకమే ఆ ఊరి కళాచరిత్ర యగును.

చివరి వారములలో గణితము వారు ఒక ఆట ఆడింపవచ్చును. పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టు మూడు లెక్కల కొకసారి, రెండవ జట్టు నాలుగు లెక్కల కొకసారి దెబ్బ వేయవలెను. మొదటి లెక్కలో కలసిన దెబ్బలు మరల పదమూడవ లెక్కలో గాని కలియవు. నడుమ పండ్రెండు లెక్కలు గడచినవి. మూడు, నాలుగుల కనిష్ఠ సామాన్య గుణిజము పండ్రెండు అను మాట అప్పుడు చెవికి వినబడును.

జాగ్రత్తలు

డప్పు బిగ్గరగా మ్రోగు వాద్యము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల వినికిడికి వారమునకు 40 గంటలు, 75 డెసిబెళ్ళను సురక్షితమైన హద్దుగా సూచించినది. శబ్దము మూడు డెసిబెళ్ళు పెరిగిన ప్రతిసారియు వినదగిన కాలము సగమగును. కనుక డప్పులను మూసిన గదిలో కాక ఆరుబయట చెట్ల క్రింద వాయింపవలెను. పది నిమిషములు వాయించి ఐదు నిమిషములు ఆగవలెను. చెవులలో హోరు వినబడిన బిడ్డను ఆ దినము ఇంటికి పంపవలెను.

డప్పు కాచు పని పెద్దలదే. పిల్లలను, ముఖ్యముగా నైలాను దుస్తులు, ఓణీలు ధరించినవారిని, మంట చేరువకు రానీయరాదు.

రోగముతో మరణించిన పశువు చర్మమును ఎట్టి పరిస్థితిలోను వాడరాదు. ఆంత్రాక్స్ అనబడు దొమ్మరోగపు బీజములు తోలులో ఏండ్ల తరబడి బ్రతికియుండి మనుష్యులకు సోకగలవు. ఊరిలో పశువులు ఆకస్మికముగా మరణించినచో పశువైద్యునికి తెలుపవలెను. ఆ కళేబరమును కోయరాదు, తోలు తీయరాదు.

ప్రొద్దుగ్రుంకులోపల తరగతి ముగింపవలెను. దూరపు వాడల బాలికలు వెలుతురుండగానే ఇల్లు చేరవలెను. పదవ తరగతి పరీక్షల కాలమున డప్పులకు విశ్రాంతి నిచ్చుట మర్యాద. బడి ప్రక్కన రోగి యున్న ఇల్లున్నచో ముందుగా వారితో మాటలాడవలెను.

గోండు గూడెములలో

ఆదిలాబాదు అటవీ ప్రాంతమున ఇదే తరగతిని పెట్టదలచినవారు మరియొక విషయమును గమనింపవలెను. అచ్చటి వాద్యములలో కొన్ని దేవతలకు సంబంధించినవి. కొన్నింటికి కాలనియమము కలదు. దండారి దినములలో పూజించి తీసిన వాద్యమును వేసవిలో వేదికపైకి తెమ్మనుట తగదు. ఏది బడిలో నేర్పదగినది, ఏది కాదు అని నిర్ణయింపవలసినవారు గూడెపు పటేలు, దేవారి, ఇతర పెద్దలు. వారు కాదన్నదానిని విడిచిపెట్టుట కూడ పిల్లలకు ఒక పాఠమే.

గూడెపు విద్యకు బడిలో స్థానమిచ్చుట అచ్చట క్రొత్త విషయము కాదు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కృషి ఫలితముగా 1940-50 దశకమున నేటి జైనూరు మండలమందలి మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసినది. గోండు బాలురకు గోండి భాషలోనే వాచకములు తయారైనవి. బిడ్డ ఇంటి మాట బడి మాటకు శత్రువు కాదని ఆనాడే అచ్చట రుజువైనది.

ఆ మార్లవాయి వాస్తవ్యుడే గుస్సాడి కళాకారుడు కనకరాజు. నెమలి ఈకల కిరీటముతో ఆయన ఆడిన నృత్యము దేశమంతటికి గుస్సాడిని పరిచయము చేసినది. ఆయన అనేకులకు ఆ కళను నేర్పిరి. 2021లో ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది. 2024లో వారు కీర్తిశేషులైరి. ఒక పెద్ద కన్నుమూసిన దినమున ఆయన కళయు వెంటపోకుండుటకు ఒకటే మార్గము: ఆయన జీవించియుండగనే పిల్లలు వెంట కూర్చుండవలెను.

ఇతర ప్రాంతముల అనుభవము

మన డప్పుకు తమిళనాట తోబుట్టువు పఱై. దాని చరిత్రయు ఇట్టిదే; చావు మేళమని దానిని ఈసడించిరి. 1990లో సిస్టర్ చంద్ర దిండుగల్లులో నెలకొల్పిన శక్తి జానపద సాంస్కృతిక కేంద్రము దళిత బాలికలకు పఱై నేర్పి, వారిచే వేదికలపై ప్రదర్శనలిప్పించినది. పఱై నేర్పు గురువు వేలు ఆసాన్‌కు 2025లో పద్మశ్రీ లభించినది. పూర్వము పురుషులే పట్టిన వాద్యమును బాలికలు పట్టగానే చూచువారి దృష్టి మారినది.

దూరదేశమైన వెనెజులాలో 1975లో హోసే ఆంటోనియో అబ్రేయు బడి తరువాత పేదపిల్లలకు వాద్యములు నేర్పు సంస్థను ప్రారంభించిరి. ఎల్ సిస్టెమా అను పేర అది పలుదేశములకు ఆదర్శమైనది. అచ్చట పిల్లల చేతికిచ్చినవి వయొలిను మున్నగు పాశ్చాత్య వాద్యములు. మనము వెదుకుకొనుచు పోనవసరము లేదు. మన వాద్యము మన ఊరి చూరుకే వ్రేలాడుచున్నది.

ముగింపు

డప్పు నేర్చిన ప్రతి బిడ్డయు కళాకారుడు కావలెనని మా అభిప్రాయము కాదు. ఒకడు ఇంజనీరగును, ఒకతె వైద్యురాలగును, ఒకడు సేద్యము చేయును. వారు ఏ పనిలో నున్నను ఊరిలో డప్పు మ్రోగినప్పుడు ఆ వాయించుచున్న మనుష్యుని ముఖము చూడగలిగినచో, ఆయనకు తమ ప్రక్కన చోటు చూపగలిగినచో, పాఠము ఫలించినట్లే.

మేము పైన చెప్పిన గ్రామమునకు మరుసటి సంవత్సరము మరల వెళ్ళితిమి. తరగతి సాగుచునేయుండెను. పటేలు మనుమరాలు చిర్ర తిప్పుచుండగా, మేస్త్రీ కుమారుడు ఆమెకు లెక్క పలుకుచుండెను. వృద్ధుడు కుర్చీలో కూర్చుండి తప్పు వచ్చినచోట చేయెత్తి ఆపుచుండెను. మేస్త్రీ పనినుండి తిరిగి వచ్చుచు గేటువద్ద సైకిలు నిలిపి కొంతసేపు విని, ఏమియు అనక వెళ్ళిపోయెను.

సర్పంచులు, ఉపాధ్యాయులు, యువజన సంఘముల వారు తమ గ్రామమున డప్పు ఎరిగిన పెద్దలు ఎవరున్నారో ఈ నెలలోనే విచారింపుడు. వారి ఇంటికి మీరే వెళ్ళుడు, వారిని పిలిపింపకుడు. కూర్చుండి వినుడు. పారితోషికము, వేళ, నియమములు వారితోనే కలిసి నిర్ణయింపుడు. ఆ పిమ్మట పిల్లలను పిలువుడు. అప్పుడు బడి పలకయు డప్పు పలకయు ఒకే చేతిలో ఇముడును.